లొడలొడ విన్నప్పుడే టైరు కూడా చూడండి

ఓ సాయంత్రం ఒడిశాలోని బరంపురం నుంచి పర్లాకిమిడి వస్తున్నాం. పలాస దాటేసరికి వాన అందుకుంది. నాలుగు లైన్ల హైవే, ముందు ఒక్క బండీ లేదు. డివైడర్ పక్క లైన్లో 85 మీద ఉన్నాను. ఉన్నట్టుండి స్టీరింగ్ తేలికైపోయింది, గాల్లో తిప్పుతున్నట్టే. ఇంజిన్ గొంతు పైకి లేచింది గానీ బండి వేగం అందుకోలేదు. రెండు సెకన్లు ఉంటుందేమో. టైర్లు మళ్ళీ రోడ్డు పట్టుకునేసరికి కారు మూరెడు పక్కకి జరిగి ఉంది. వెనక సీట్లోంచి మా అత్తగారు "ఏటైంది బాబూ?" అన్నారు. "ఏటీ లేదండి, నీళ్ళు" అన్నాను.

మర్నాడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందు చక్రాలు చూశాను. బయటి అంచున గాడులు బాగానే ఉన్నాయి. ఎడమ టైరు లోపలి అంచు మాత్రం నున్నగా గుండైపోయింది. గాలి చూపిస్తే 24 పీఎస్ఐ ఉంది, ఉండాల్సిన దానికంటే తక్కువ. ఆ అంచు అలా అరగడానికి కారణం లోయర్ ఆర్మ్ బుష్, అంటే చక్రాన్ని బండి ఒంటికి కలిపే ఆర్మ్‌కి ఉండే రబ్బరు, చిరిగిపోవడం. ఆ బుష్ సంక్రాంతి నుంచీ గోతుల్లో దబ్ దబ్ అని చెబుతూనే ఉంది. నేనే పాటల సౌండ్ పెంచుకున్నాను.

చప్పుడుకి మెకానిక్ దగ్గరికీ, టైరుకి టైర్ల షాపుకీ వెళ్తాం. ఆయన టైరు చూడడు, ఈయన చప్పుడు వినడు. నిజానికి చాలాసార్లు ఆ రెండూ ఒకే జబ్బు. బుష్ వదులైతే చక్రం వంకర తిరుగుతుంది, వంకర చక్రం టైరును ఒక పక్క తినేస్తుంది, తినేసిన పక్కన నీళ్ళు పోయే దారి ఉండదు. కాబట్టి ఈ పనులు ఈ వరసలోనే చేయండి. మే నెలాఖరులో ఒక ఆదివారం చాలు.

ముందు కారు ఖాళీ చేయండి

నవ్వకండి, సగం చప్పుళ్ళు ఇక్కడే పోతాయి. డిక్కీలో ఉన్నదంతా కింద పెట్టండి. మా ఇంట్లో అయితే గొడుగు, నీళ్ళ టిన్ను, కిందటి ఏడాది జీడిపప్పు తెచ్చిన ఖాళీ డబ్బా, ఎవరిదో తెలియని స్టీలు క్యారేజీ దొరికాయి. జాకీ, పానా తీసి గుడ్డలో చుట్టండి. స్టెప్నీని పట్టి ఉంచే బోల్టు చేత్తో తిప్పి చూడండి. పంక్చర్ వేయించిన ప్రతిసారీ దాన్ని సగం బిగించి వదిలేస్తారు. తలుపు జేబుల్లో చిల్లర, సీసాలు తీసేయండి. వెనక సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి కొట్టుకుంటుందేమో చూడండి. నంబరు ప్లేటును వేలితో కొట్టి చూడండి. అది మోగితే వెనక చిన్న స్పాంజి ముక్క అంటిస్తే సరి.

తర్వాత వినండి

ఎక్కువ వేగం వద్దు. గోతులున్న వీధిలో 20 మీద వెళ్ళాలి. అలాంటి వీధి కోసం మన ఊళ్ళలో వెతకక్కర్లేదు. ఏసీ, పాటలు ఆపేయండి. బండి ఇంకెవరికైనా ఇచ్చి మీరు ఒకసారి ముందు, ఒకసారి వెనక కూర్చోండి. డ్రైవింగ్ సీట్లో ఉన్నవాడికి అన్ని చప్పుళ్ళూ డ్యాష్‌బోర్డులోంచే వస్తున్నట్టు అనిపిస్తాయి. అనుమానం వచ్చిన ప్లాస్టిక్‌ని అరచేత్తో నొక్కి పట్టుకోండి. ఆగితే అదే దొంగ. తర్వాత అద్దాలు దింపి, పొడవాటి ప్రహరీ గోడ పక్కనుంచి నెమ్మదిగా పోనివ్వండి. కింద నుంచి వచ్చే చప్పుడు గోడకి తగిలి తిరిగొస్తుంది. ఏ చక్రమో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన పద్ధతి నాకు తెలియదు.

మెకానిక్‌కి చెప్పేటప్పుడు ఒడియాలో "శబ్ద హెఉచి" అన్నా, తెలుగులో "సౌండొస్తంది" అన్నా పని జరగదు. ఎలాంటి చప్పుడో, ఎప్పుడొస్తుందో చెప్పాలి. ఈ విషయంలో తెలుగుకి కొరత లేదు.

చిన్న చిన్న గోతుల మీద టకటక, టకటక అని లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు ఉంటే ఎక్కువసార్లు అది లింక్ రాడ్, సస్పెన్షన్‌లో ఉండే ఒక చిన్న కడ్డీ. చవక సామాను, గంటలో అయిపోయే పని. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఒక్కటే దబ్ అని బరువుగా వస్తే షాక్ అబ్జార్బర్ గానీ, దాని పైనుండే మౌంట్ గానీ, లోయర్ ఆర్మ్ బుష్ గానీ. బండి నిలబడి ఉండగా, ఒక్కో ఇంజిన్ వేగం దగ్గర మాత్రమే జిర్రుమంటుందా? సైలెన్సర్ మీద ఉండే వేడి రేకు వదులైంది. సైలెన్సర్ పూర్తిగా చల్లారాక పిడికిలితో తట్టి చూడండి, అదే పలుకుతుంది. దానికి కొత్త రేకు అక్కర్లేదు. పైపులకి బిగించే స్టీలు క్లిప్పు ఒకటి వేస్తే ఏళ్ళు గడుస్తుంది.

స్టీరింగ్ చివరిదాకా తిప్పి మలుపు తీస్తుంటే కట కట కట అంటే యాక్సిల్ జాయింట్, అంటే చక్రాన్ని తిప్పే కడ్డీ చివరి కీలు. దాని రబ్బరు బూట్ చిరిగి గ్రీజు బయటికి చిమ్మి ఉంటుంది. లొడలొడ అని మోగుతూ, బ్రేక్ మీద కాలు ఆనించగానే ఆగిపోతే బ్రేక్ ప్యాడ్లో, వాటి పిన్నులో చూడాలి. ఇక వేగంతో పాటు పెరిగే హూఁ అనే మూలుగు ఒకటుంది. బండి కుడికో ఎడమకో ఒరిగినప్పుడు ఆ మూలుగు మారితే చక్రం బేరింగ్. మారకపోతే టైరే ఎగుడుదిగుడుగా అరిగి అరుస్తోంది. ఈ రెండోదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

చేత్తో చూసేవి

కారు నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా బలంగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి ఒక్కసారి సర్దుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ పని అయిపోయినట్టే. ఊగలేదు కదా అని బాగుందనుకోకండి. టార్చి వేసి దాని ఒంటి మీద నూనె కారిన మరక ఉందేమో చూడండి. మరక మీద దుమ్ము అట్ట కట్టి ఉంటే అది చాన్నాళ్ళుగా కారుతున్నట్టే.

తర్వాత జాకీ. గట్టి నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, మిగతా చక్రాలకి రాళ్ళు పెట్టాకే ఎత్తండి. జాకీ జారినా బండి నేల మీద పడకుండా స్టెప్నీని కారు కింద అంచున పడుకోబెట్టండి. ఒంటి జాకీ మీద ఉన్న కారు కిందికి మీరు దూరొద్దు, ఎవరినీ దూరనివ్వొద్దు. లేపిన చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ. 9, 3 దగ్గర పట్టుకుని ఊపితే కదులుతోందా, టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివర. ఇక్కడ కదలిక కనిపిస్తే ఆ బండితో ఘాట్ ఎక్కే ఆలోచన మానుకోండి.

షెడ్డులో ఒక మాయ జరుగుతుంటుంది. బుష్ కిర్రుకిర్రుమంటుంటే దాని మీద పాత ఇంజిన్ ఆయిలో డీజిలో పోసి "అయిపోయింది బాబూ" అంటారు. రెండు రోజులు నిశ్శబ్దంగానే ఉంటుంది. నూనె తాగిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, తర్వాత పిప్పిలా ఊడొస్తుంది. నా బుష్‌కి జరిగింది అదే. రబ్బరుకి సిలికాన్ స్ప్రే ఒక్కటే వాడాలి. అది కూడా కిర్రుమంటున్న మంచి రబ్బరుకి మందు గానీ, చిరిగినదానికి కాదు.

సామాను మార్పిస్తే పాతది చేతికి ఇమ్మనండి. షాక్ అబ్జార్బర్లు ఎప్పుడూ జతగా మార్చాలి, ముందువైతే ముందు రెండూ, వెనకవైతే వెనక రెండూ. అన్నిటికంటే ముఖ్యం, లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్, ముందు షాక్ అబ్జార్బర్లలో ఏది విప్పినా ఆ వెంటనే చక్రాలన్నీ తిన్నగా ఉండేలా సర్దే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. మెకానిక్ షెడ్డులో ఆ మిషన్ ఉండదు కాబట్టి ఆయన ఆ మాట ఎత్తడు. చప్పుడు పోయిందని మనం ఇంటికొచ్చేస్తాం. టైరు అరుగుడు మాత్రం ఆ రోజు నుంచే మొదలవుతుంది.

టైరు కింద ఏం జరుగుతుంది

ఒక్కో టైరు రోడ్డును తాకేది మీ అరచేయంత మేరే. తడి రోడ్డు మీద ఆ మేరలో ఉన్న నీళ్ళని గాడులు పక్కలకీ వెనక్కీ తోసేయాలి. వేగం పెరిగేకొద్దీ అందుకు సమయం తగ్గుతుంది, గాడి లోతు తగ్గేకొద్దీ చోటు తగ్గుతుంది. ఒక దశలో నీళ్ళు ముందు వైపు నుంచి టైరు కిందికి దూరి దాన్ని పైకెత్తేస్తాయి. దీన్నే హైడ్రోప్లానింగ్ అంటారు. లారీ డ్రైవర్లు "బండి తేలిపోయింది" అంటారు, అదే సరైన మాట. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేక్ తొక్కినా మీరు నీళ్ళతో మాట్లాడుతున్నట్టే. బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా టైరు నేలని తాకుతుంటేనే పనిచేస్తుంది.

ఏ వేగం దగ్గర తేలుతుందో అంచనా కట్టడానికి ఒక పాత లెక్క ఉంది. 1963లో అమెరికాలో నాసా పరిశోధకులు విమాన చక్రాల మీద చేసిన పనిలోంచి వచ్చింది. టైరులో గాలి ఎన్ని పీఎస్ఐ ఉందో దాని వర్గమూలాన్ని సుమారు 16.6తో గుణిస్తే కిలోమీటర్లలో వేగం వస్తుంది. 33 పీఎస్ఐకి దాదాపు 95. 28కి 88. 24కి 81. గాడులు అరిగిపోయి, నీళ్ళు లోతుగా నిలిచిన చోట ఈ అంకె దగ్గరగా ఉంటుంది. కారు టైర్లకి ఇది ముతక లెక్కే, గీసిన గీత కాదు. అయినా నా 24 పీఎస్ఐ, నా 85 గుర్తొచ్చినప్పుడల్లా ఈ లెక్క మీద గౌరవం పెరుగుతుంది.

దీన్నిబట్టే ఇంకో మాట. వానాకాలంలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. ఇసుకలో, బురదలో దిగబడ్డ బండికి అది నిజం. తడి తారు రోడ్డుకి పూర్తిగా తప్పు. గాలి తగ్గితే టైరు మధ్యభాగం లోపలికి కుంగుతుంది, నీళ్ళు అక్కడే చేరతాయి, తేలే వేగం పడిపోతుంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపల ఉంటుంది. అందులో ఉన్న అంకె, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. పదిహేను రోజులకోసారి, స్టెప్నీతో సహా. చేత్తో తట్టి, కాలితో తన్ని గాలి చెప్పేవాళ్ళకి దండం పెట్టి, చిన్న గేజ్ ఒకటి కొనుక్కోండి.

అగ్గిపుల్లతో కొలవండి

గాడిలో అగ్గిపుల్ల నిలువుగా దింపి, పై అంచు దగ్గర గోరుతో గుర్తు పెట్టి, స్కేలు మీద చూడండి. ఒక్కో టైరుకి మూడు చోట్ల కొలవాలి: బయటి పక్క, మధ్య, లోపలి పక్క. లోపలి పక్క కనిపించాలంటే ముందు చక్రాలని పూర్తిగా తిప్పాలి, వెనక వాటికి వంగి చేయి పెట్టి తడమాలి. కొత్త కారు టైరుకి సుమారు 7, 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మలు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. టైరు అరిగి ఆ దిమ్మతో సమానమైతే చట్టం ప్రకారం కూడా దాని ఆయుష్షు తీరింది. కానీ మన వానలకి నేను అంతదాకా ఆగను. మూడు చోట్లలో ఏ ఒక్కచోటైనా 3కి దిగితే జూన్ రాకముందే మార్చేస్తాను. డబ్బు లేకపోతే టైరు మార్చకుండానే బతకొచ్చు, హైవే మీద 60 దాటకుండా. ఆ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే.

కొలుస్తూనే అరుగుదల తీరు చదవండి. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువతో తిరిగారు. మధ్యే అరిగితే ఎక్కువ కొట్టించారు. ఒక్క పక్కే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, దాని వెనక ఏదో బుష్ ఉండొచ్చు. ఇక టైరు చుట్టూ అరచేయి పెట్టి ముందుకీ వెనక్కీ రాయండి. కొడవలి పళ్ళలా తగిలినా, మధ్యమధ్య చెంచాతో తోడినట్టు పల్లాలున్నా షాక్ అబ్జార్బర్ పోయి చక్రం ఎగురుతోందని అర్థం. ఇందాక చెప్పిన మూలుగు ఇక్కడిదే. ఎగిరే చక్రం తడి రోడ్డును ఇంకా తొందరగా వదిలేస్తుంది.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఒక గడిలో ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడులు ఎంత బాగున్నా ఆరేళ్ళు దాటిన టైరు రబ్బరు గట్టిపడి తడిలో పట్టు కోల్పోతుంది. తక్కువ తిరిగిన కారు కొనేవాళ్ళు దీన్ని తప్పకుండా చూడాలి.

రెండు టైర్లే కొనగలిగితే అవి ఎక్కడ వేయాలి? షాపులో ముందే వేస్తామంటారు. నేను కూడా చాలాకాలం అలాగే వేయించాను. ఇప్పుడు వెనకే వేయిస్తాను. ముందు చక్రాలు తేలితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే తిరిగి దారికొస్తుంది. వెనక చక్రాలు తేలితే బండి బొంగరంలా తిరుగుతుంది, అప్పుడు మనలాంటి మామూలు డ్రైవర్లు చేయగలిగింది ఏమీ లేదు. షాపులో వాదన పెట్టుకోక తప్పదు. పెట్టుకోండి.

మన రోడ్ల మీద

హైవే మీద వానలో డివైడర్ పక్క లైను వదిలేయండి. వంపుల్లో నీళ్ళన్నీ ఒక అంచుకి చేరతాయి, చాలా చోట్ల ఆ అంచు డివైడరే. రోడ్డు వాలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారే చోట, వంతెనకి అటూ ఇటూ దిగబడిన చోట, లారీల బరువుకి రోడ్డు కుంగిన చోట నీళ్ళు నిలుస్తాయి. ముందు లారీ ఉంటే బాగా దూరం ఉంచి దాని చక్రాల జాడలోనే వెళ్ళండి, అక్కడి నీళ్ళని అది అప్పటికే తోసేసి ఉంటుంది. కాలు పెట్టకుండానే వేగాన్ని నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ ఉంటే ఆపేయండి. ఎండాకాలం తర్వాత పడే తొలి జల్లు మరీ మోసకారి. ఆయిలూ దుమ్మూ కలిసి జారుడు పూతలా ఉంటుంది. ఓ అరగంట గట్టిగా కురిశాక రోడ్డు కాస్త శుభ్రపడుతుంది.

పర్లాకిమిడి నుంచి కాశీనగరం మీదుగా గుణుపురం వెళ్ళే దారి లాంటి పల్లె రోడ్ల మీద నీళ్ళ కంటే మట్టి ఎక్కువ భయం. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు దమ్ము చక్రాలతోనే రోడ్డెక్కి పొలం బురదంతా పరుస్తాయి. ఆ మచ్చ కనిపించగానే, దాని మీదికి వెళ్ళకముందే వేగం తగ్గించుకోవాలి. మీదికెళ్ళాక బ్రేక్ వేస్తే లాభం లేదు. సాలూరు, సుంకి ఘాట్ మీదో, ఆర్. ఉదయగిరి వైపు కొండ దారిలోనో వేగం తక్కువ కాబట్టి తేలే భయం అంతగా ఉండదు. దిగేటప్పుడు రెండో గేరు, న్యూట్రల్ మాత్రం ఎప్పుడూ వద్దు. కల్వర్టు మీదుగా నీళ్ళు పారుతుంటే అది టైర్ల సంగతి కాదు, వెనక్కి తిరగండి.

మన దగ్గర వాన ఆగస్టుతో అయిపోదు. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. గజపతి జిల్లా కొండల్లో దాని దెబ్బ చూసినవాళ్ళు మర్చిపోరు. కాబట్టి అగ్గిపుల్ల పరీక్ష దసరాకి ముందు ఇంకోసారి చేయండి. అప్పటికి నాలుగు నెలల అరుగుదల చేరి ఉంటుంది.

అయినా తేలిందనుకోండి. స్టీరింగ్ తేలికవడం, ఇంజిన్ చప్పుడు ఒక్కసారి పెరగడం, చక్రాల కింద నీళ్ళు కొట్టుకునే మోత ఉన్నట్టుండి ఆగిపోవడం దాని గుర్తులు. యాక్సిలరేటర్ మీద కాలు నెమ్మదిగా తీయండి. బ్రేక్ తొక్కొద్దు, గేరు తగ్గించొద్దు. స్టీరింగ్‌ని బండి వెళ్తున్న దిక్కుకే తిన్నగా పట్టుకోండి. భయంతో పక్కకి తిప్పితే, టైరు పట్టు దొరికిన క్షణంలో బండి ఆ పక్కకే దూకుతుంది. పట్టు వచ్చాక బ్రేక్‌ని రెండు మూడుసార్లు మెల్లగా ఆనించి తడి ఆరనివ్వండి, తర్వాత మీ మామూలు వేగంలో మూడో వంతు తగ్గించుకుని వెళ్ళండి.

నా బండికి బుష్ మార్చి, అలైన్‌మెంట్ చేయించి, వెనకకి రెండు కొత్త టైర్లు వేయించి, వెనకున్న మంచివి ముందుకు తెచ్చాను. ఒక్క చప్పుడు మిగిలింది. వెనక ఎడమ తలుపులో, చలి ఉదయాల్లో మాత్రమే, కిర్రుమని. దాని జోలికి పోలేదు. అది తలుపుది, చక్రానిది కాదు.